లారీ నుదుటి మీద పేరు

ఫొటో ఇంకా భోజనాల బల్ల మీదే ఉంది. పెసరట్లు చల్లారిపోయాయి. అల్లం పచ్చడి గిన్నె మూత కూడా ఎవరూ తియ్యలేదు.

ఫొటోలో ఉన్నది లారీ. పామర్రు దగ్గర రైసుమిల్లు ముందు ఆగి ఉంది. క్యాబిన్ పైన పలక మీద పసుపు అక్షరాలతో, ఎర్ర నీడతో 'కనకలక్ష్మి' అని రాసి ఉంది. కింద నంబరు ప్లేటు శుభ్రంగా కనిపిస్తోంది. లారీ ముందు ఐదేళ్ళ పిల్ల స్కూలు బ్యాగు తగిలించుకుని, పలక వైపు వేలు చూపిస్తూ నవ్వుతోంది.

ఆ పిల్ల పేరే కనకలక్ష్మి. లారీ రిజిస్ట్రేషన్ ఉన్నది ఆ పిల్ల తండ్రి సిద్ధార్థ పేరు మీద. రేపు పదిన్నరకి ఫ్యామిలీ కోర్టులో ఆ సిద్ధార్థే సంతకం పెట్టాలి. తనకి ఆస్తి లేదని, ఆదాయం లేదని, వాహనం లేదని, రోజూ కాలేజీకి వెళ్ళి లా చదువుకునే విద్యార్థినని, కాబట్టి కూతురి పోషణకి నెలనెలా ఏమీ ఇచ్చుకోలేనని ప్రమాణం చెయ్యాలి.

నిన్నటిదాకా ఆ అఫిడవిట్ బాగానే ఉంది. పొద్దున్నే ప్లీడరు రామకోటేశ్వరరావు గుమాస్తా చేత ఈ ఫొటో పంపించాక పాడయింది. అవతలి పక్షం, అంటే పిల్ల తల్లి తరఫువాళ్ళు, దీన్ని నోటీసుకి జత చేసి పంపారట.

"బండి వాడి పేరు మీద పెట్టొద్దని ఆ రోజే అన్నాను" అంది శివపార్వతి.

వెంకటసుబ్బారావు భార్య వైపు చూడలేదు. ఆవిడ ఆ రోజు అనలేదు. కానీ అనలేదని ఇప్పుడు వాదించే ఓపిక ఆయనకి లేదు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకి యజమాని ఆయన. మనవరాలు పుట్టిన నెలలోనే ఈ బండి కొన్నాడు. పిల్ల పుట్టిన వేళ దివ్యంగా ఉందని, కొత్త బండి పిల్ల తండ్రి పేరు మీద ఉంటే కలిసొస్తుందని పురోహితుడు చెప్పాడు. ఆయన రిజిస్ట్రేషన్ కొడుకు పేరు మీద చేయించాడు. కిరాయిలు మాత్రం ఐదేళ్ళుగా తనే తీసుకుంటున్నాడు. కలిసొచ్చింది కూడా.

"ఇప్పుడు జరిగిందేం లేదు" అన్నాడాయన, గుమాస్తా ఇచ్చి వెళ్ళిన కవరు విప్పుతూ. రెండేళ్ళ కిందటే సిద్ధార్థ బండిని తల్లికి అమ్మేసినట్టు కాయితాలు తయారయ్యాయి. కొడుకు ఒక సంతకం, భార్య ఒక సంతకం పెడితే చాలు. పలక మీద పేరు ఇవాళే తుడిపించేస్తాడు. రేపు ఎవరైనా బండి చూస్తామన్నా చూసుకోవచ్చు.

సిద్ధార్థ కాయితాలు ముట్టుకోలేదు. అతనికి ముప్పై ఏళ్ళు నిండబోతున్నాయి. లా రెండో సంవత్సరం. సంయుక్తతో కాపురం మూడేళ్ళు సాగింది. ఆ మూడేళ్ళలో ఆమె ఎక్కువసార్లు విన్న మాట 'నాన్నని అడిగి చెప్తా' అన్నది. చివరికి ఆమె అడగడం మానేసి, పిల్లని తీసుకుని పామర్రులో తల్లి దగ్గరికి వెళ్ళిపోయింది. అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న పిల్లలకి పాఠాలు చెబుతోంది.

"సంతకం పెట్టు" అన్నాడు వెంకటసుబ్బారావు.

"ఇది తప్పుడు తేదీ నాన్నా."

"తేదీదేముందిరా. బండి మనది, కాయితం మనది."

"రేపు జడ్జి ముందు ప్రమాణం చేసేది నేను. నేను చదివేదే లా. ఇలాంటివి చేస్తే ఏమవుతుందో మాకు పాఠం చెప్పారు."

"నిన్ను లా కాలేజీకి పంపింది లా నేర్చుకోమనా?"

ఆ మాట నోరు జారి వచ్చింది. వచ్చాక ఆయనే ఆగిపోయాడు. గ్లాసులో నీళ్ళున్నాయి, తాగలేదు.

"మరెందుకు పంపావు?" అన్నాడు సిద్ధార్థ.

శివపార్వతి చల్లారిన పెసరట్టు పళ్ళెం తీసి ఇంకో పళ్ళెం మీద పెట్టింది. మళ్ళీ తీసి ఎక్కడిదక్కడ పెట్టింది. ఆవిడకి ముందే తెలుసునని సిద్ధార్థకి అప్పుడు అర్థమయింది.

"రామకోటేశ్వరరావు గారు చెప్పారు" అన్నాడు చివరికి వెంకటసుబ్బారావు. "షెడ్డులో కూర్చుంటే ఓనరు కొడుకంటారు, నెలకెంతొస్తుందని నిలదీస్తారు. ఏదో ఒక కాలేజీలో వెయ్యండి, స్టూడెంటు అని సర్టిఫికెట్టు పెడదాం, మూడేళ్ళూ గడిచిపోతాయి అన్నారు. నువ్వూ లా లా అని కలవరిస్తున్నావు. రెండూ కలిశాయి."

సిద్ధార్థకి రెండేళ్ళ కిందటి సాయంత్రం గుర్తొచ్చింది. లా చదువుతానని ఆరోసారి అడిగితే తండ్రి సరేనన్నాడు. పుట్టి బుద్ధెరిగాక తన మాట తండ్రి విన్నది అదే మొదటిసారి అనుకుని, వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టాడు. ఆ దండం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

"నా కూతురికి తిండి పెట్టకుండా ఉండటానికి నాకు చదువు చెప్పించావన్నమాట" అన్నాడు.

వెంకటసుబ్బారావుకి కోపం వచ్చింది. నిజానికి ఆయన పిసినారి కాదు. దారిన పోయేవాణ్ణి పిలిచి భోజనం పెట్టే మనిషి. మనవరాలి కోసం చేయించిన వెండి కంచం బీరువాలో ఇప్పటికీ ఉంది.

"నా మనవరాలికి నేను పెట్టనన్నానా? ఇంటికి తీసుకొస్తే ఆ కంచంలో పెడతాను. కోర్టు పెట్టమంటే మాత్రం పెట్టను. నాకొకళ్ళు చెప్పేదేంటి?"

అసలు గొడవంతా ఇంతే. ఆయన మీసానికీ, పామర్రులో ఒక పిల్ల పాలగ్లాసుకీ ముడిపడి కూర్చుంది. మధ్యలో సిద్ధార్థ చదువుని అడ్డం పెట్టారు. తెలియకుండానే అయినా, ఆ అడ్డం వెనక అతనూ హాయిగానే కూర్చున్నాడు. స్టూడెంటుని కదా, నా దగ్గరేముంటుంది అని రెండేళ్ళుగా తనకి తనే చెప్పుకుంటూ వచ్చాడు.

వెంకటసుబ్బారావు కాయితాలు భార్య ముందుకి తోశాడు. ముందు నువ్వు పెట్టు, వాడే పెడతాడన్నాడు. తను షెడ్డుకి వెళ్ళి, పేర్లు రాసే సొలొమోను చేత పలక తుడిపిస్తానన్నాడు.

ఇక్కడ శివపార్వతి గురించి ఒక మాట చెప్పాలి. కాపురానికొచ్చిన ముప్పై రెండేళ్ళలో ఆవిడ అత్తగారి పేరు నోటితో పలకలేదు. ఓటర్ల జాబితా రాసుకునేవాళ్ళు వచ్చి అడిగినా పక్కింటావిణ్ణి పిలిచి చెప్పించేది. మనవరాలికి ఆ పేరే పెట్టారు. అప్పట్నించి వెంకటసుబ్బారావు పిల్లని 'అమ్మా' అంటాడు, శివపార్వతి 'బుజ్జీ' అంటుంది. ఆ ఇంటివాళ్ళకి పూర్తి పేరు కనిపించేది లారీ మీదే.

ఆవిడ పెన్ను తీసుకుంది. మూత తీసింది. మళ్ళీ పెట్టేసింది.

"కనకలక్ష్మి పేరు చెరిపిస్తారా?" అంది.

వెంకటసుబ్బారావు చెప్పులేసుకుంటున్నవాడల్లా ఆగాడు. "ఏమన్నావు?"

"కనకలక్ష్మి. మీ అమ్మగారి పేరు. మీ మనవరాలి పేరు." ఆవిడ కాయితాలు పక్కకి తోసింది. "నేను బండి కొన్నట్టు సంతకం పెట్టను. నేనేం కొనలేదు."

ఆయన రెండో చెప్పు కూడా వేసుకున్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగి, వాడు రేపు సంతకం పెట్టకపోతే ఇంక ఆ కాలేజీ గేటు తొక్కక్కర్లేదని, నెలాఖరుకి కట్టాల్సిన ఫీజు తను కట్టేది లేదని చెప్పాడు. గొంతు పెంచలేదు. పెంచకుండా చెప్పిన మాట ఆయన వెనక్కి తీసుకోడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

మెట్లు దిగుతూ ఫోన్ చేస్తున్నాడు. "సొలొమోనూ, ఆ మూడో బండి పలకకి బూడిద రంగు కొట్టు. ఇప్పుడే."

సిద్ధార్థ ఆ రోజు కాలేజీకి వెళ్ళలేదు. మొదటి పీరియడులో హాజరు పోతుందన్న బెంగ అలవాటు కొద్దీ కలిగింది. ఆ హాజరు పట్టీ కూడా తన కేసులో సాక్ష్యమేనని గుర్తొచ్చి, అటు వెళ్ళబుద్ధి కాలేదు. బస్సెక్కి ఆటోనగర్ వెళ్ళాడు.

తండ్రి అప్పటికే వచ్చి, పని పురమాయించి, ఇనుము కొట్టుకి వెళ్ళిపోయాడు. సొలొమోను నిచ్చెన దిగి బ్రష్షు కిరసనాయిలు డబ్బాలో ముంచుతున్నాడు. నలభై ఏళ్ళుగా లారీల మీద పేర్లు రాస్తున్న మనిషి. పలక మీద పేరు లేదు. తడి బూడిద రంగు మెరుస్తోంది.

"ఆలస్యమైంది బాబూ" అన్నాడు, సిద్ధార్థ ఎందుకొచ్చాడో అడక్కుండానే. "నేను చెప్పి చూశాను. బండి కొనుక్కున్నవాడు పాత పేరు చెరుపుతాడు గానీ, రాయించినవాడు చెరపడండీ అన్నాను. ఆయన విన్లేదు."

సిద్ధార్థ తలెత్తి పలక వైపే చూస్తున్నాడు.

"ఇది రాసిన రోజు నాన్నగారు పొద్దున్నించి సాయంత్రం దాకా ఈ నిచ్చెన కిందే నిలబడ్డారు. చివరి అక్షరం చిన్నదైందని మూడుసార్లు దిద్దించారు. మా అమ్మ పేరయ్యా, మా మనవరాలి పేరయ్యా అని వచ్చినవాళ్ళందరికీ టీలు పోయించారు. ఇవాళ రంగు కొడుతుంటే మటుకు ఇక్కడ నిలబడలేదు."

ఇంత రంగు కిందా ఆ పేరు ఉంటుందా, గీకితే కనపడుతుందా అని సిద్ధార్థ అడిగాడు. గీకితే రెండూ పోతాయన్నాడు సొలొమోను. కావాలంటే ఆరాక పైన మళ్ళీ రాయాల్సిందే. ఆరటానికి ఒక పగలు పడుతుంది.

సిద్ధార్థ అక్కడే ఇనప కమ్మీల మీద కూర్చున్నాడు. చుట్టూ సుత్తుల మోత. ఇంజను నూనె, వెల్డింగు పొగ కలిసిన ఈ వాసనలోనే పెరిగాడు. బాడీకి ఎంత చెక్క పడుతుందో, ఎంత రేకు పడుతుందో కొలిచి ఎస్టిమేటు రాయడం అతనికి కళ్ళు మూసుకున్నా వచ్చు. కాలేజీ మధ్యాహ్నం రెండింటికల్లా అయిపోతుంది. ఈ రెండేళ్ళలో రెండు తర్వాత ఏం చేశాడు? ఇంటికెళ్ళి పడుకున్నాడు. స్టూడెంటు పని చెయ్యకూడదని ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

"బాబాయ్, సాయంత్రంపూట పనుందా ఎక్కడైనా?"

సొలొమోను అతని మొహంలోకి చూశాడు. "వెనక లైన్లో షెడ్డు వాళ్ళకి ఎస్టిమేట్లు రాసే మనిషి కావాలి. రెండు నుంచి ఎనిమిది దాకా. కానీ సుబ్బారావు గారబ్బాయి ఇంకోళ్ళ షెడ్డులో పెన్ను పట్టుకుంటే, ఆయనకి తల కొట్టేసినట్టు ఉంటుంది బాబూ."

సిద్ధార్థ వెనక లైన్లోకి వెళ్ళాడు. ఆ షెడ్డు ఆయన ముందు తమాషా అనుకుని నవ్వాడు. తర్వాత కాదని తెలిసి నవ్వు ఆపేశాడు. మీ నాన్నతో నాకు తగూ పెట్టవు కదా అని రెండుసార్లు అడిగి, సోమవారం నుంచి రమ్మన్నాడు.

బయటికొచ్చి, వేపచెట్టు నీడలో నిలబడి సంయుక్తకి ఫోన్ చేశాడు. స్కూల్లో భోజనాల వేళ. పిల్లల గోల వినిపిస్తోంది.

"చెప్పండి" అంది.

ఒకప్పుడు 'ఏంటి, చెప్పు' అనేది. ఈ 'అండి' అలవాటై ఏడాది దాటినా, విన్న ప్రతిసారీ అతనికి ఎక్కడో గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఫొటో సంగతి అడిగాడు. కేసు కోసం తీసింది కాదంది. స్కూలు నుంచి నడిచొస్తుంటే పిల్ల చెయ్యి విడిపించుకుని లారీ ముందుకి పరిగెత్తిందట. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, తన పేరు తనే చదువుకుందట. పుస్తకంలో కాకుండా బయట ఎక్కడైనా అది చదివిన మొదటి మాట అదేనట. సంబరంగా ఉండి ఫొటో తీసింది. అందరికీ చూపించినట్టే తన ప్లీడరు గారికీ చూపించింది.

"నేను దాని మొహం చూశాను. ఆయన నంబరు ప్లేటు చూశారు" అంది.

సిద్ధార్థ ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాడు.

"మీ చదువు మానెయ్యమని నేనెక్కడా రాయలేదు. నేను బీఈడీ చదువుతానంటే మీరేమన్నారో గుర్తుందా?"

"నాన్నని అడిగి చెప్తానన్నాను."

"ఇప్పటిదాకా చెప్పలేదు." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మీరు చదువుకోండి. అది దాని అన్నానికి అడ్డం రాకూడదు. అంతే నేనడిగేది. రేపు కూడా నాన్నగారిని అడిగి చెప్తారా?"

గంట కొట్టారు. జవాబు కోసం ఆగకుండా ఆమె ఫోన్ పెట్టేసింది.

మర్నాడు కోర్టు వరండాలో బెంచీలన్నీ నిండిపోయాయి. వెంకటసుబ్బారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని, తెల్లటి పంచె కట్టుకుని గోడవార నిలబడ్డాడు. కాయితాల మీద శివపార్వతి సంతకం లేదు. అయినా కొడుకు పెడితే చాలు, మిగతాది తర్వాత చూసుకోవచ్చని రామకోటేశ్వరరావు ధైర్యం చెప్పాడు.

ప్లీడరు అఫిడవిట్ అందించి, కింద సంతకం పెట్టమని వేలితో చూపించాడు.

సిద్ధార్థ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు. వృత్తి: విద్యార్థి. అది నిజమే. ఆదాయం: లేదు. వాహనాలు: లేవు. అతను ప్లీడరు జేబులోంచి పెన్ను అడిగి తీసుకున్నాడు. 'లేవు' కొట్టేశాడు. లారీ నంబరు రాశాడు. బండి తన పేరు మీదే ఉందని, కిరాయి తండ్రిగారు తీసుకుంటున్నారని రాశాడు. ఆదాయం దగ్గర, సోమవారం నుంచి మధ్యాహ్నం రెండు తర్వాత చెయ్యబోయే పని, దానికొచ్చే జీతం, అందులో సగం కూతురికని రాశాడు. ప్రతి దిద్దుబాటు పక్కనా పొట్టి సంతకం పెట్టాడు. అది కూడా కాలేజీలో నేర్చుకున్నదే.

రామకోటేశ్వరరావు మొహం మాడిపోయింది. "ఏం చేస్తున్నావయ్యా? నాన్నగారిని ఒక్క మాట అడుగు."

"అడగక్కర్లేదండీ" అన్నాడు సిద్ధార్థ.

వెంకటసుబ్బారావు విన్నాడు. పేచీ పెట్టలేదు. ఆ కాయితం కూడా చూడలేదు. కొడుకు మొహంలోకి ఒక్కసారి చూసి, నువ్వెవరో నాకు తెలియదన్నట్టు తల తిప్పుకుని, మెట్ల వైపు నడిచాడు. సిద్ధార్థ ఆయన వెనకే రెండడుగులు వేసి ఆగాడు. కాలేజీ పోయింది సరే. ఈ మనిషి కూడా పోతాడని నిన్న అనుకోలేదు.

"తాతయ్యా!"

మెట్ల మీద సంయుక్త, ఆమె చెయ్యి వదిలించుకుని వస్తున్న పిల్ల. ఏడాది పైగా చూడని తాతని పిల్ల మర్చిపోలేదు. వచ్చి పంచె పట్టుకుంది.

"నాకు చదవటం వచ్చేసింది తాతయ్యా. మన లారీ మీద నా పేరు చదివేశా."

ఆయన కదల్లేదు. "ఎప్పుడమ్మా?" అన్నాడు. తెలియక అడిగింది కాదు.

"మొన్న. చివరిది కష్టంగా ఉంది. మా టీచరు ఇంకా చెప్పలేదు. అయినా చదివేశా." పిల్ల మెట్ల చివరికెళ్ళి కిందికి తొంగి చూసింది. "లారీ తెచ్చావా? కింద ఉందా?"

"షెడ్డులో ఉందమ్మా."

"నా పేరు ఉందిగా?"

సంయుక్త నవ్వుతూనే ఉంది. ఆమెకేం తెలుసు. తెలిసినవాడు సిద్ధార్థ ఒక్కడే. వెంకటసుబ్బారావు కొడుకు వైపు చూశాడు. ఈసారి తల తిప్పుకోలేదు. ఆ చూపులో ఉన్నది కోపం కాదు. నువ్వు చెప్పకురా అని బతిమాలుకుంటున్నాడు. అటువంటి చూపు సిద్ధార్థ ఆయన కళ్ళల్లో ఎప్పుడూ చూడలేదు.

"ఉందమ్మా" అన్నాడు వెంకటసుబ్బారావు.

పిల్ల నమ్మింది. నమ్మి, కోర్టయ్యాక చూపించమంది. అక్కడే చదివి వినిపిస్తానంది.

లోపల్నించి బంట్రోతు సంయుక్త పేరు, సిద్ధార్థ పేరు పిలిచాడు. ప్లీడరు ఫైలు చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. వెనకే సంయుక్త వెళ్ళింది. సిద్ధార్థ గుమ్మం దాటుతూ వెనక్కి చూశాడు. పిల్ల తాత వేలు పట్టుకుని నిలబడి ఉంది. ఆయన రెండో చేత్తో ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"సొలొమోనూ" అన్నాడు. అని ఆగిపోయాడు.

ఆ తర్వాత ఏమన్నాడో సిద్ధార్థకి వినపడలేదు. బంట్రోతు తలుపు వేసేశాడు.